గరిటె మన చేతిలోనే ఉంది

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో "ఇంటి వంట, ఇంటి భోజనం" అనే అంశం మీద, బడిలో మధ్యాహ్న భోజనం వండే ఒక సంఘ సభ్యురాలు చేసిన ప్రసంగ పాఠం)



వంట గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. ఇంతమంది ఆడవాళ్ళ ముందు నిలబడి వంట గురించి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. మీలో నాకంటే బాగా వండేవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. అయినా ఎందుకు ఒప్పుకున్నానంటే, వండటం నాకు ముప్పై ఏళ్ళుగా వచ్చు గానీ తినడం మాత్రం రెండేళ్ళ కిందటే నేర్చుకున్నాను. ఆ సంగతి కూడా చెప్పొచ్చు కదా అని వచ్చాను.

రెండేళ్ళ కింద మిరప కోతల కాలం. పొద్దున్నే లేచి ఇంట్లో వంట చేసి, బడికెళ్ళి 90 మంది పిల్లలకి వండి పెట్టి, సాయంత్రం కాసేపు మా చేలో కాయలు ఏరుతున్నాను. ఒకరోజు సాలు మధ్యలోనే కళ్ళు తిరిగి కూలబడ్డాను. ఎండ దెబ్బ అనుకున్నారు. మర్నాడు ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్తే రక్తం చూశారు. 8.4 ఉంది. ఆడవాళ్ళకి 12 ఉండాలంట. ఏఎన్ఎం అమ్మాయి మాత్రలిచ్చి, "ఇంట్లో పప్పు, ఆకుకూర వండరా అమ్మా?" అనడిగింది. నాకు కోపం వచ్చింది. "రోజూ వండుతా. ఊళ్ళో సగం మంది పిల్లలకి పప్పు పెట్టేది నేనే" అన్నాను. ఆ పిల్ల నవ్వి, "వండుతారు సరే, మీరు తింటారా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఇంటికొచ్చాక ఒక పని చేశాను. లెక్క రాయడం మనకి సంఘం నేర్పింది కదా. పొదుపు పుస్తకం పక్కన ఒక నోటు పుస్తకం పెట్టుకుని వారం రోజులు రాత్రి భోజనంలో ఎవరికి ఎన్ని గరిటెల పప్పు వేశానో రాశాను. మేము ఐదుగురం. వారానికి మొత్తం 56 గరిటెలు. మా ఆయనకి 17, అబ్బాయికి 16, అమ్మాయికి 11, మా అత్తకి 7, నాకు 5.

నాకు 5 అని చూసి నేను అంత బాధపడలేదు. అమ్మాయికి 11 అని చూసి ఏడ్చాను. అబ్బాయికీ అమ్మాయికీ ఏడాదిన్నరే తేడా. ఇద్దరికీ ఒకే ఆకలి. ఆ పిల్లకి తక్కువ వెయ్యమని మా ఆయన చెప్పలేదు, మా అత్త చెప్పలేదు. వేసింది నేనే. గరిటె నా చేతిలోనే ఉంది.

అందుకే ఈరోజు వంట చిట్కాలు చెబుతాను, తాగేవాటి గురించి చెబుతాను, వడ్డన పద్ధతి గురించి కూడా చెబుతాను. కానీ మూడింటికీ అసలు ప్రశ్న ఒక్కటే: మనం వండిన దాంట్లో బలం మన దాకా వస్తోందా లేదా?

ముందు వంట సంగతి

బియ్యం కడగడంతో మొదలుపెడదాం. నీళ్ళు తేటగా అయ్యేదాకా నాలుగైదు సార్లు రుద్ది కడుగుతాం. బియ్యం పైన ఉండే బి విటమిన్లు ఆ కడుగునీళ్ళతోనే పోతాయి. రెండుసార్లు కడిగితే చాలు. గట్టిగా రుద్దొద్దు. ఆ తర్వాత గంజి వార్చి పారబోస్తే మిగిలిన బలం కూడా పోతుంది. అత్తెసరు పెట్టుకోవడం మంచిది. కుక్కరులో అయితే గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు, గిన్నెలో అయితే రెండున్నర. కొత్త బియ్యానికి కొంచెం తగ్గించుకోవాలి. ముందు అరగంట నానబెట్టి అదే నీళ్ళలో వండితే గ్యాసు కూడా ఆదా. వార్చిన అన్నమే కావాలని ఇంట్లో పట్టుబడితే వార్చండి గానీ గంజి పారెయ్యకండి. పప్పులో పొయ్యండి, చారులో పొయ్యండి, లేదా ఉప్పేసి మజ్జిగ కలుపుకుని తాగండి.

రేషన్ బియ్యం గురించి ఒక మాట. అందులో అక్కడక్కడా కొంచెం తేడాగా కనిపించే గింజలుండేవి. ప్లాస్టిక్ బియ్యం అని మా ఊళ్ళో పెద్ద గొడవ అయింది. మా బడిలో కూడా ఒకామె కూర్చుని చేటలో ఆ గింజలన్నీ ఏరి పారేసింది. అది ప్లాస్టిక్ కాదమ్మా. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి గింజలాగా చేసి, మామూలు బియ్యం 100 గింజలకి ఒకటి చొప్పున కలిపేవాళ్ళు. రక్తం తక్కువగా ఉన్నవాళ్ళ కోసం పెట్టిన గింజల్నే మనం ఏరి కోళ్ళకి వేశాం. అలాంటి గింజలు ఇంకా కనిపిస్తే ఏరకండి. ఇంట్లో తలసీమియా, సికిల్ సెల్ లాంటి రక్త జబ్బులు ఉన్నవాళ్ళుంటే మాత్రం డాక్టరుని అడిగి తినండి.

పప్పు. కందిపప్పు అరగంట నానబెడితే తొందరగా ఉడుకుతుంది. చింతపండు, టమాటా, గోంగూర లాంటి పులుపేదైనా పప్పు మెత్తబడ్డాకే వెయ్యాలి. ముందే వేస్తే పప్పు బిరుసెక్కి ఎంతసేపటికీ ఉడకదు. తొందరగా ఉడకాలని వంట సోడా వేస్తారు కొందరు. సోడా వేస్తే బి విటమిన్ చచ్చిపోతుంది. సోడా బదులు నానబెట్టండి.

ఆకుకూరని కోశాక కడగడం మనకి అలవాటు. కోసిన ముక్కల్ని నీళ్ళలో వేస్తే సి విటమిన్ నీళ్ళలోకి దిగిపోతుంది. ముందు ఆకులు ఆకులుగానే రెండు మూడు నీళ్ళలో కడిగి మట్టి పోగొట్టండి. ఆ తర్వాత కోయండి. మూత పెట్టి తక్కువ నీళ్ళతో ఉడికించండి.

మన అమ్మమ్మల ఇనుప మూకుళ్ళు, ఇనుప పెనాలు అటక మీద తుప్పు పడుతున్నాయి. వాటిని దించి తోమండి. ఇనుప మూకుడులో వండితే కొంత ఇనుము కూరలోకి వస్తుంది. టమాటా లాంటి పులుపు ఉంటే ఇంకా ఎక్కువ వస్తుంది. కానీ కూర దిగగానే వేరే గిన్నెలోకి తీసెయ్యాలి. మూకుడులోనే వదిలేస్తే నల్లబడి కనరు వాసన వస్తుంది.

పెసలు రాత్రి నానబెట్టి పొద్దున గుడ్డలో మూట కట్టండి. మర్నాటికి మొలకలొస్తాయి. మొలకల్లో సి విటమిన్ పెరుగుతుంది. ఉల్లిపాయ, నిమ్మరసం కలిపి పిల్లలకి పెట్టండి, మీరూ తినండి. ఈ నిమ్మరసం ఊరికే రుచి కోసం కాదు. పప్పు, ఆకుకూరల్లో ఉండే ఇనుము మన ఒంటికి అంత తేలిగ్గా పట్టదు. పక్కన నిమ్మకాయో, జామకాయో, ఉసిరికాయో ఉంటే బాగా పడుతుంది. పప్పన్నంలో నాలుగు చుక్కలు నిమ్మరసం పిండుకోవడం ఖర్చు లేని మందు.

కూరలో ఉప్పు ఎక్కువైతే బంగాళాదుంప ముక్క వేస్తే లాగేస్తుందని అందరం చెప్పుకుంటాం. దుంప పీల్చేది కొంచెం నీళ్ళనే. ఉప్పు నిజంగా తగ్గాలంటే ఇంకొంచెం పప్పో, కూరగాయలో ఉడికించి కలపాల్సిందే. అసలు ఉప్పు లెక్క కూడా చెబుతాను. ఒక మనిషి రోజుకి 5 గ్రాములకి మించి తినకూడదంటారు. అంటే నలుగురున్న ఇంట్లో కిలో ప్యాకెట్టు 50 రోజులు రావాలి. మా ఇంట్లో నెల కూడా వచ్చేది కాదు. ఆవకాయ, అప్పడాల ఉప్పు ఇంకా అందులో కలపలేదు. ఈసారి ప్యాకెట్టు విప్పిన రోజు దాని మీద తారీకు రాసి పెట్టండి. మీ ఇంటి బీపీ సంగతి ఆ ప్యాకెట్టే చెబుతుంది.

బజ్జీలు వేసిన నూనె మిగిలితే వడకట్టి రెండు మూడు రోజుల్లో తాలింపులకి వాడెయ్యండి. దాన్నే మళ్ళీ మళ్ళీ మరిగించి పిండివంటలు చెయ్యొద్దు.

తాగేవాటి సంగతి

ఇక్కడ మనందరం చేసే తప్పు ఒకటుంది. టీ. పొద్దున అన్నం వండుతూ ఒక టీ. అందరూ తిన్నాక ఆఖర్న మనం నాలుగు ముద్దలు తిని, వెంటనే ఇంకో టీ. చేలో ఆకలేస్తే టీ. ఆకలి చంపడానికి టీ తాగుతున్నాం, అన్నంతో పాటు వచ్చిన కాస్త ఇనుముని కూడా అదే టీ పట్టనివ్వదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ తాగొద్దని చెప్పారు. టీ మానెయ్యమని నేను అనట్లేదు. నేనూ మానలేదు. భోజనానికి దూరంగా జరిపాను, అంతే.

ఆశా అక్క ఇచ్చే ఐరన్ మాత్ర కూడా అంతే. టీతోనో, పాలతోనో వేసుకుంటే పట్టదు. నీళ్ళతో వేసుకోండి, నిమ్మకాయ నీళ్ళయితే ఇంకా మంచిది. పరగడుపున వేసుకుని వికారమంటూ మానేస్తారు చాలామంది. తిన్నాక కాసేపాగి వేసుకుంటే అంత ఉండదు. విరేచనం నల్లగా వస్తే భయపడొద్దు, అది మాత్ర వల్లే.

టీ బదులు ఏం తాగాలంటే, మన దగ్గర లేనిదేముంది? రాగిజావ. రాగుల్లో 100 గ్రాములకి 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. నాలుగు గ్లాసులకి నాలుగు పెద్ద చెంచాల రాగిపిండి చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మరిగే నీళ్ళలో పోస్తూ తిప్పాలి. ఏడెనిమిది నిమిషాలు ఉడికి పచ్చివాసన పోయాక దించండి. బాగా చల్లారాక మజ్జిగ, ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లిపాయ కలపండి. వేడి మీద మజ్జిగ పోస్తే విరిగిపోతుంది. తీపి కావాలంటే మజ్జిగ మానేసి బెల్లం వేసుకోండి.

కోతలకెళ్ళేటప్పుడు ఒక సీసా మంచినీళ్ళు, ఒక సీసా పల్చటి మజ్జిగ తీసుకెళ్ళండి. దాహం వేసేదాకా ఆగొద్దు. చేలో మరుగు ఉండదని చాలామంది ఆడవాళ్ళం నీళ్ళే తాగం. అది నాకూ తెలుసు. దానికి సిగ్గుపడి ఊరుకుంటే మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్లు వస్తాయి. నలుగురం కలిసి వెళ్ళి, ఒకరికొకరం కాపలా ఉందాం.

విరేచనాలైతే ఓఆర్ఎస్ ప్యాకెట్టు వాడండి. అది దొరకకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్ళకి 6 టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి వెయ్యాలి. ఉప్పు అంతకంటే ఎక్కువ కాకూడదు. చుట్టాలొస్తే కూల్‌డ్రింకు తెప్పించడం మర్యాద అయిపోయింది. ఒక చిన్న సీసాలో 6 చెంచాలకి పైనే పంచదార ఉంటుంది. నిమ్మకాయ నీళ్ళిస్తే ఎవరూ చిన్నచూపు చూడరు.

వడ్డన, భోజన మర్యాద

మన పెద్దవాళ్ళు పెట్టిన భోజన పద్ధతుల్లో చాలా మంచివున్నాయి. కాళ్ళూ చేతులూ కడుక్కుని కూర్చోవడం. ఆకు కొస తినేవాళ్ళ ఎడమవైపు ఉండేలా విస్తరి వెయ్యడం. ముందు పప్పు, తర్వాత కూర, పచ్చడి, పులుసు, చివర పెరుగు. ఎంగిలి చేత్తో గరిటె ముట్టుకోకపోవడం. గ్లాసుతో కడవలో ముంచకుండా పొడుగు కాడ ఉన్న గరిటెతో నీళ్ళు తియ్యడం. పారబోసేంత పెట్టించుకోకపోవడం. ఇవన్నీ శుభ్రానికీ, పొదుపుకీ పనికొచ్చేవే. పిల్లలకి తప్పకుండా నేర్పుదాం.

ఒక్క పద్ధతి మాత్రం మనల్ని తినేస్తోంది. ఆడవాళ్ళది ఆఖరి బంతి. పెళ్ళిలోనే కాదు, ప్రతి ఇంట్లో ప్రతి పూటా ఆఖరి బంతే. అప్పటికి పప్పు గిన్నె అడుగు కనపడుతుంది. గుడ్డు ఉండదు. చారు, పచ్చడి మెతుకులు ఉంటాయి. గర్భిణికి అంగన్‌వాడీ ఇచ్చిన గుడ్డు కూడా ఇంటికొస్తే పంపకమైపోతుంది.

మగమనిషికి రోజుకి 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలని, ఆడమనిషికి 29 కావాలని పోషకాహార సంస్థ లెక్క. నెలనెలా రక్తం పోయేది మనకి, బిడ్డల్ని కనేది మనం. ఎక్కువ కావాల్సింది మనకి, తక్కువ తినేది మనం. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8 మందికి, తెలంగాణలో 57.6 మందికి రక్తహీనత ఉందని తేలింది. ఇక్కడ పదిమంది వరసలో కూర్చుంటే ఆరుగురికి దగ్గరన్నమాట.

నేను ఇంట్లో ఏం చేశానో చెబుతాను. ముందు తింటానని గొడవ పడలేదు. వంట దిగగానే ఐదు గిన్నెలు పెట్టి, పప్పూ కూరా ఐదుగురికీ సమానంగా తీసి మూత పెట్టాను. అబ్బాయికీ అమ్మాయికీ ఒకే కొలత. ఆఖర్న తిన్నా నా గిన్నె నాకుంటుంది. మొదటి రోజు మా అత్త అంది, "వండిన ఆడది తన వాటా ముందే తీసి దాచుకుంటే ఆ ఇంట్లో లక్ష్మి నిలుస్తుందా?" అని. నేనేమీ మాట్లాడలేదు. ఆవిడ గిన్నె ఆవిడ ముందు పెట్టాను. చాలాసేపు చూసి, "ఇంత పప్పు నాకెందుకే" అంది. నలభై ఏళ్ళుగా ఆవిడకెవరూ అంత పప్పు వెయ్యలేదు. నేనూ వెయ్యలేదు.

మా ఆయన రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. మూడో రోజు ఇంకొంచెం పప్పు కావాలన్నాడు. "రేపట్నుంచి గుప్పెడు ఎక్కువ వేస్తా, ఆ గుప్పెడు ఖర్చు నీది" అన్నాను. ఇప్పుడు కందిపప్పు నెలకి అరకిలో ఎక్కువ పడుతోంది. ఆ డబ్బు ఆయన బయట తాగే టీల్లోంచి వస్తోంది. ఆదివారాలు అందరం కలిసే కూర్చుంటాం. మిగతా రోజుల్లో కుదరట్లేదు, అబద్ధం చెప్పను. మా అత్త ఈనాటికీ మగవాళ్ళతో కలిసి కూర్చోదు. కానీ తన గిన్నె తనకుండాలని మాత్రం ఇప్పుడు తనే అడుగుతుంది.

మాత్రలు వేసుకుంటూ, ఇట్లా తింటూ ఆరు నెలలకి చూపించుకుంటే 11.1 వచ్చింది. ఇంకా 12 కాలేదు. కానీ ఈ ఏడాది కోతల్లో ఒక్కరోజు కూడా కూలబడలేదు.

మా బడి భోజన పథకానికి 2024లో డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. గోదావరి లంకల్లో, లంకల గన్నవరంలో ఆకలన్న వాళ్ళందరికీ అన్నం పెట్టిన తల్లి. పెట్టే చేతికి మన జనం ఎంత గౌరవమిస్తారో ఆవిడ పేరే సాక్ష్యం. ఆ గౌరవం మనకీ ఇస్తారు, "మా అమ్మ చేతి వంట" అని పొగుడుతారు. కానీ "నువ్వు తిన్నావా?" అని అడిగేవాళ్ళు తక్కువ. ఎవరో అడగాలని చూస్తూ కూర్చోవద్దు. మనకి మనమే అడుగుదాం. పక్కింటి వదినని అడుగుదాం. కోడళ్ళని అడుగుదాం. అత్తలుగా ఉన్న పెద్దమ్మలు ఇక్కడ చాలామంది ఉన్నారు, మీరొక్క మాట "నువ్వూ కూర్చో అమ్మా" అంటే ఆ ఇంట్లో పదేళ్ళ గొడవ తీరిపోతుంది.

సంఘం చెయ్యాల్సింది

మన పంచసూత్రాల్లో పుస్తకాలు సక్రమంగా రాయడం ఒకటి. రూపాయి తేడా వస్తే రాత్రి పదింటిదాకా కూర్చుని సరిచేస్తాం. అప్పు పంచేటప్పుడు ఒకరికి ఎక్కువా ఒకరికి తక్కువా అయితే ఊరుకోం. ఇంట్లో పప్పు పంచేటప్పుడు మాత్రం లెక్క అడగం. అందుకని గ్రామ సంఘాలన్నీ ఈ మూడు తీర్మానాలు రాసుకోవాలని కోరుతున్నాను.

ఒకటి, ప్రతి సభ్యురాలూ ఒక్క వారం గరిటెల లెక్క రాయాలి. ఎవరికీ చూపించక్కర్లేదు. తను చూసుకుంటే చాలు.

రెండు, ఆరు నెలలకోసారి సంఘం సమావేశం రోజున ఏఎన్ఎం గారిని పిలిచి సభ్యులందరికీ, పదేళ్ళు దాటిన ఆడపిల్లలకీ రక్త పరీక్ష చేయించాలి. సమావేశంలో టీ, బిస్కెట్ల బదులు మజ్జిగో, రాగిజావో ఇవ్వాలి.

మూడోది ఈరోజే మొదలుపెట్టొచ్చు. పోయినేడు మహాసభలో భోజనాలు వండిన పన్నెండు మంది అక్కలు మూడింటికి కూర్చున్నారు. అప్పటికి పప్పు అయిపోయింది, కూర అయిపోయింది. పెరుగన్నం తిన్నారు. వాళ్ళలో నేనూ ఉన్నాను. ఆడవాళ్ళ సభలో, ఆడవాళ్ళ డబ్బుతో, ఆడవాళ్ళు వండిన భోజనంలో కూడా వండినవాళ్ళది ఆఖరి బంతే అయితే, ఇంట్లో మగవాళ్ళని ఏమని అడుగుతాం?

ఈరోజు కూడా వెనకాల పొయ్యిల దగ్గర పన్నెండు మంది ఉన్నారు. అధ్యక్షురాలు గారినీ, ఏపీఎం గారినీ, మీ అందరినీ నేను కోరేది ఒక్కటే. ఇంకో గంటలో భోజనాలకి లేస్తాం. మొదటి బంతిలో వాళ్ళని కూర్చోబెడదాం. వడ్డించేది మనం. గరిటె నేను పట్టుకుంటాను, ఇంకో పదిమంది రండి.